డేగిసా అడుగున పేరు

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. మా తోడికోడలు డార్లా విషయంలో ఆ మాట నిజమని తేలడం నాకు అస్సలు ఇష్టం లేదు. నేను ఈ ఇంటి కోడలినై ఇరవై ఆరేళ్ళు. సిన్సినాటీలో మా చర్చి పండగకి ఏటా రెండు వందల మందికి చిల్లీ అనే ఖీమా కూర వండేది మా అత్త హిల్డా. చన్నీళ్ళలో పచ్చి బీఫ్ ఖీమాని వేళ్ళతో చిదిమేదీ, ఉల్లిపాయలు తరిగేదీ నేను. డార్లా టెక్సాస్ నుంచి వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు.

అత్తకి భుజం నొప్పి, పెద్ద డేగిసా ఎత్తలేకపోతోంది. ఈ ఏడు దాన్ని ఒక కోడలికిచ్చేస్తానంది. అంటే పండగ వంట కూడా ఆ కోడలిదే. చర్చి విందుల్లో గిన్నెలు తారుమారు కాకుండా అడుగున పేరు రాసిన టేపు అంటిస్తాం. ఆ డేగిసా అడుగున నా పేరు ఉండాలని నేను ఎన్నాళ్ళ నుంచి అనుకుంటున్నానో!

క్రిస్మస్‌కి డార్లా పొగబెట్టిన మాంసం తెచ్చింది. అత్త ఒక ముక్క నోట్లో వేసుకుని, "దీంతో చిల్లీ వండితే భలే ఉంటుందే అమ్మాయ్! ఒకసారి వండు" అంది. ఇన్నేళ్ళలో నా వంటకి "ఉప్పు సరిపోయింది" తప్ప ఇంకో మాట లేదు.

మార్చిలో డార్లా ఫోన్ చేసింది.

"అక్కా, శుక్రవారం అత్తయ్యని భోజనానికి పిలిచా. ఏం వండుతున్నానో చెప్పలేదు. నువ్వొచ్చి సాయం చెయ్యవా?"

అది ఈస్టర్ ముందొచ్చే తపస్సు కాలం. మేం కేథలిక్కులం, శుక్రవారం మాంసం ముట్టం. డార్లా బాప్టిస్టుల పిల్ల, వాళ్ళకా పట్టింపు లేదు. చెబుతాడనుకుంటే ఆమె మొగుడు, మా మరిది, లారీ తోలుకుంటూ ఊరు దాటాడు. చెప్పాల్సింది నేనే. "ఓ, వస్తా" అన్నాను, అంతే.

మధ్యాహ్నానికే పెరట్లో పొగ. కుండపై జాలీ మీద పెద్ద ఖీమా ముద్ద నల్లబడుతోంది, రసం కింద చిల్లీలోకి కారుతోంది. ఆ వాసనకి నాకే నోరూరింది, దాంతో కోపం ఇంకా పెరిగింది.

"ఇలా చిదిమితే చాలా అక్కా?" అంది డార్లా, ఆ ముద్దని కుండలోకి దించి గరిటెతో చిదుముతూ.

"ఇంకా సన్నగా చెయ్యి. మా ఊళ్ళో చిల్లీ పోసిన స్పగెట్టీని ఫోర్కుకి చుట్టుకోరే, అంచుతో కోసుకు తింటారు. గడ్డలుంటే జారిపోతాయి."

అది మాత్రం చెప్పాను. చీజ్ కూడా తురిమిపెట్టాను.

సాయంత్రం అత్త చర్చిలో సిలువ మార్గం ప్రార్థన ముగించుకుని నేరుగా వచ్చింది. స్పగెట్టీ మీద చిల్లీ, దాని మీద చీజ్ గుట్ట పోసి డార్లా ఆ పళ్ళెం అత్త ముందు పెట్టింది. అత్త పళ్ళెం వంక చూసి, నా వైపు తిరిగింది.

"ఏమే వెర్నా, ఇవాళ ఏ వారం?"

"శుక్రవారం అత్తయ్యా."

"నువ్వెప్పుడొచ్చావు?"

"మధ్యాహ్నం."

డార్లాకి ఏమీ అర్థం కాలేదు. "బాగాలేదా అత్తయ్యా?"

"ఇవాళ మేం మాంసం తినకూడదమ్మా. నీ తప్పేం లేదు, చెప్పాల్సింది మేమే." అత్త పళ్ళెం పక్కకి జరిపింది. "చిల్లీ వండిననాడు తినేది కాదులే. ఫ్రిజ్‌లో పెట్టు. పొద్దుటికి కొవ్వు పైకి తేలుతుంది, తీసేసి వేడి చేద్దువుగాని."

ఆ రాత్రి ముగ్గురం వట్టి స్పగెట్టీ, చీజ్ తిన్నాం. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

మర్నాడు అత్తా నేనూ మళ్ళీ వెళ్ళేసరికి కొవ్వు మూతలా గడ్డకట్టింది. డార్లా దాన్ని తీసేసి వేడి చేసింది. నిన్నటి పొగ ఘాటు తగ్గి, చిల్లీలో వేసిన దాల్చినచెక్కతో కలిసిపోయింది. నిన్నే తిని ఉంటే ఇంత రుచి ఉండేది కాదు. నా అసూయే ఆ కూరకి ఒక రాత్రి అదనంగా ఇచ్చింది. అత్త రెండు పళ్ళేలు తింది.

"వెర్నా, మా ఇంటికెళ్ళి డేగిసా తెచ్చి డార్లాకివ్వు. అడుగున టేపుంది, పీకెయ్యి" అంది మూతి తుడుచుకుంటూ.

అత్త పేరే ఉంటుందనుకున్నాను. వాళ్ళ వంటింట్లో డేగిసాని బోర్లించాను. టేపు పాతది, అంచులు పసుపెక్కాయి. దాని మీద అత్త వంకర అక్షరాల్లో 'వెర్నా' అని ఉంది.