ముత్యమ్మ పాటకు వంత

ముత్యమ్మ చనిపోయిన ఏడో నెలలో ఆమె పాట రేడియోలో వేస్తారని తెలిసింది. రేడియో స్టేషన్‌కు నేను రాసిన నాలుగు కార్డుల్లో ఒకదానికి జవాబు వచ్చింది. బేస్తవారం సాయంత్రం ఆరున్నరకు.

పటేల్‌గూడ మడుల్లో ముత్యమ్మ నాటు పాట ఎత్తుకుంటే, అవతలి గట్టున నాగలి దున్నేవాళ్లు ఎడ్లను ఆపి నిలబడేవారు. ఆమె ఒక వరుస పాడి ఆగేది. రాజవ్వ వంత అందుకునేది. రాజవ్వ వెనక మేమందరం. ఇరవై ఏళ్లు అట్లా సాగింది. తర్వాత మడులు కార్ఖానా కిందికి పోయాయి, మేం షిఫ్టుల్లోకి పోయాం.

డెబ్బై ఒకటిలో రేడియో స్టేషన్ నుంచి పిలుపు వచ్చింది. ముత్యమ్మ ఒక్కదానికే. వంతకు పట్నం ఆడపిల్లలను పెట్టారని ఎవరో వచ్చి చెప్పారు. రాజవ్వ ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడలేదు. ముత్యమ్మ రెండుసార్లు వాళ్ల వాకిట్లోకి వచ్చి, మూసిన తలుపు చూసి పోయింది. వంత ఎవరు పాడారని మేం అడిగితే, "రాజవ్వకు చెప్పేది మీకెందుకు" అనేది. ఆ పాట రేడియోలో వచ్చిన రోజు మేం షిఫ్టులో ఉన్నాం. ఎవరమూ వినలేదు.

బీరంగూడలో పాండురంగం సేటు దుకాణంలో రేడియో ఉంది. రాజవ్వ అక్కడే పప్పులు చెరుగుతుంది. రేడియోలో పల్లెపాటల వేళ కాగానే చేట పక్కన పెట్టి వెళ్లిపోయేది. ఆ బేస్తవారం లేవలేదు.

"ఏందవ్వా, పొద్దుగూకె. ఇంటికి పోవా?" అన్నాడు సేటు.

"మినుములు మిగిలినయ్."

"రేపు చెరుగొచ్చు గద."

"రేపటికి పురుగు పడ్తది."

ఆ బస్తా నిన్ననే విప్పారు.

మొదటి షిఫ్టు దిగినవాళ్లం మెట్ల మీద పదిమందిమి కూర్చున్నాం. యాదగిరి నా వైపు వంగాడు. "మల్లన్నా, నిజంగనే ఏస్తరా? నీ రాత సూసి డాక్టర్ చీటీ అనుకున్నరేమో."

"జెర నోర్మూసుకొని కూసో."

ముత్యమ్మ పేరు చెప్పారు. తర్వాత ఆమె గొంతు వచ్చింది. డబ్బాలో నుంచి వచ్చినా అదే గొంతు, కొంచెం ముక్కుతో, చివర సాగదీస్తూ.

"మంజీర నీళ్లల్ల మట్టెలు జారె..."

ఆగిపోయింది.

ఏ వంతా లేదు. ఏ ఆడపిల్లా లేదు. గుయ్‌మనే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. సేటు రేడియో నెత్తిన ఒక్కటి కొట్టాడు. రెండో వరుస వచ్చింది. మళ్లీ ఆగింది. సేటు మళ్లీ చెయ్యెత్తాడు.

"కొట్టకు సేటూ," అంది రాజవ్వ. "అది గట్లనే ఆగుతది."

ఆమె చేతిలో చేట కదలడం లేదు. మూడో వరుస వచ్చింది, అయిపోయింది. ఒక వరుసకు పట్టేంత సేపు, ఎక్కువ కాదు తక్కువ కాదు, ముత్యమ్మ ఊరుకుంది.

"జారెనే వదినా, జారెనే."

రాజవ్వ గొంతు బొంగురు పోయి ఉంది. రెండేళ్లుగా పాడని గొంతు. యాదగిరి తానూ అందుకోబోతే మోకాలు పట్టి ఆపాను. అక్కడి నుంచి ఆ ఇద్దరే పాడారు. రాజవ్వ ముగించగానే ముత్యమ్మ ఎత్తుకునేది. ఎక్కడా ఒకరి మీద ఒకరు పడలేదు.

నాలుగు చరణాలకే రేడియోవాళ్లు ఆపేశారు. ఎరువుల గురించి ఎవరో మాట్లాడడం మొదలుపెట్టారు. సేటు గుండీ తిప్పి కట్టేశాడు.

పాటలో జారిన మట్టెలు ఇంకా దొరకలేదు. అవి దొరకాలంటే ఇంకా అయిదు చరణాలు పాడాలి. రాజవ్వ మా వైపు తిరిగింది.

"ఎవరన్న ఎత్తుకోండ్రి. నేను అందుకుంట."

నేను నోరు తెరిచాను. అయిదో చరణం మొదలు ఏమిటో గుర్తుకు రాలేదు. యాదగిరి తల గోక్కున్నాడు. ఇరవై ఏళ్లు వినీ వినీ మాకందరికీ వచ్చింది వంత ఒక్కటే.

"నువ్వే ఎత్తుకోరాదవ్వా," అన్నాడు సేటు.

"నాకేం వస్తది సేటూ. ఎత్తుకునేది అది గద."

రోడ్డు మీద కార్ఖానా బస్సు పోయింది. రాజవ్వ చేట ఒళ్లో పెట్టుకుని ఇంకా మా నోళ్ల వైపే చూస్తూ కూర్చుంది.