తెలిసిన చెయ్యి

గోడవైపు తిరిగి కూర్చుని ఆమె చెయ్యెత్తింది. వేయమని అర్థం. వెనకాల మీటల బల్ల దగ్గర కూర్చున్నాయన తర్వాతి పాట వేశాడు. రేడియో స్టేషన్ అడుగు అంతస్తులోని ఆ గదికి కిటికీ లేదు. గోడల నిండా గుంటలు గుంటలుగా నల్లని స్పాంజి. ఆమె నుదురు ఆనించే చోట అది అరిగి నున్నబడింది.

వారం వారం వచ్చే కొత్త పాటల్లో ఏవి వినదగ్గవో చెప్పడం ఆమె ఉద్యోగం. ఇండీ, హిప్ హాప్, ఎలక్ట్రానిక్, పెద్ద కంపెనీల అండ లేకుండా పడకగదుల్లో తయారయ్యే పాటలన్నీ ఇక్కడికే వస్తాయి. వాటి గురించి ఆమె రాసిన నాలుగు ముక్కలు శుక్రవారం పొద్దున్న రేడియోలో చదువుతారు. చేసిందెవరో తెలియకుండా వినడం ఆమె పెట్టుకున్న పద్ధతి. పేరు తెలిస్తే చెవికి మొహమాటం వస్తుందంటుంది. అందుకే పేర్లు కనిపించే తెరకు వీపు పెట్టి కూర్చుంటుంది. ఆమె ఔనన్న పాటకే పేరు చదవాలి. కాదన్న వాటి పేర్లు అసలు పలకకూడదు. ఆఫీసులో అందరూ ఆమెను చెవులమ్మ అంటారు, ఎదురుగానే అంటారు. ఆమెకు కోపం రాదు.

మొదటిది హిప్ హాప్. కుర్రాడెవడో ఊపిరి తీసుకోకుండా తన గొప్పలు చెప్పుకుపోయాడు. అంతా సొంత డబ్బా అందామె. కాసేపాగి, డబ్బా అయినా బాగా వాయించాడు, ఉంచమంది. రెండోదాంట్లో ఒకమ్మాయి గిటారు మీటుతూ నీరసంగా పాడింది. ప్రేమించినవాడు పోయాడన్న బాధ కంటే నిద్ర చాలలేదన్న బాధే ఎక్కువ వినిపిస్తోందని తీసేయించింది.

మూడోది మొదలైన కాసేపటికే ఆమె భుజాలు బిగుసుకున్నాయి. డ్రమ్ము కింద ఎక్కడో అడుగున కుట్టుమిషను నడుస్తోంది. కాలితో తొక్కే మిషను. దళసరి గుడ్డ తగిలినచోట తడబడి మళ్లీ అందుకునే వాళ్లమ్మ మిషను.

"తెలిసిన చెయ్యి," అందామె. "పక్కన పెట్టు."

మీటలాయన పక్కన పెట్టాడు. ఆ మాట ఎందుకంటుందో ఆయన ఎన్నడూ అడగలేదు. పెద్దమనిషి తరహా.

ఆ చెయ్యి ఆమె తమ్ముడిది. తల్లి పోయాక ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరూ, ఆ మిషనూ. ఒకరోజు వాడు దాని మీద తన హెడ్‌ఫోన్లకు సంచీ కుట్టుకుంటూ, తాను చేసిన మొదటి పాట వినిపించి ఎలా ఉందని అడిగాడు. ఆమె వంటగదిలోంచే బాగుందిరా అంది. వేరేవాళ్లు చేసినా ఇదే మాటంటావా అన్నాడు. ఆమెకు అబద్ధం చేతకాదు. వేరేవాళ్లదైతే తీసేసేదాన్నని చెప్పి, కాకిపిల్ల కాకికి ముద్దు కదరా అని నవ్వింది. ఆ నవ్వే కొంప ముంచింది. వాడు కుట్టు మధ్యలో లేచాడు.

"పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదు. నేనని తెలీకుండా విను. విని బాగుందను. ఆరోజు వస్తానక్కా."

అలిగాడు, ఆకలేస్తే వస్తాడనుకుంది. రాలేదు. నంబరు మార్చేశాడు. ఇంటికి రానివాడు పాటల్లోకి వచ్చి కూర్చున్నాడు. ఇన్నేళ్లుగా ఏదో ఒక పాట అడుగున ఉన్నట్టుండి మిషను నడుస్తుంది. వాడని తెలిసిపోయాక బాగుందనడానికి లేదు, అంటే అది మళ్లీ కాకి మాటే. తెలియకుండా ఒక్క పాట చెవిన పడితే చాలు, వాడు ఇల్లు చేరతాడు. ఆ దిక్కుమాలిన మిషను మానెయ్యరా అని ఆమె స్పాంజి గోడతో చెప్పుకునేది.

భోజనాలయ్యాక వేసిన పాటలో ముందు ఏమీ లేదు, ఖాళీ గది చప్పుడు తప్ప. తర్వాత ఒక బొంగురు గొంతు మాటల్లేకుండా కూనిరాగం అందుకుంది. దాని వెనక ఒకే స్వరం నెమ్మదిగా పెరుగుతూ వచ్చింది. ఇక డ్రమ్ము పడుతుందనుకున్న ప్రతిచోటా పడలేదు. పడని దెబ్బలన్నీ ఆమె కాలే వేస్తోంది, మడమా వేళ్లూ మార్చి మార్చి. పాట ఆగినా కాలు ఆగలేదు.

"ఇది అన్నిటికంటే ముందు పెట్టవయ్యా. ఎవడోగానీ మనచేతే కూలి చేయించాడు."

మీటలాయన పేరు చదివాడు. ఇంటిపేరుతో సహా చదివాడు.

ఆమె కుర్చీ తిప్పి మొదటిసారి తెరవైపు చూసింది. మిషను మానేశాడన్నమాట అంది. ముఖమంతా నవ్వు. ఏ మిషనని ఆయన అడిగితే చెప్పింది. ఆయన పొద్దున్న పక్కన పెట్టిన పాట మళ్లీ వేసి, చెవి ఒగ్గి విన్నాడు. తర్వాత పద్ధతి తప్పి, పాతవాటి పేర్లన్నీ వరసగా చూశాడు.

"నాకు డ్రమ్మే వినిపిస్తోంది మేడం. మీరు పక్కన పెట్టిన వాటిల్లో ఒక్కటీ మీ తమ్ముడిది కాదు. ఆయన పంపింది ఇదొక్కటే."

ఆమె కూడా మళ్లీ వింది. ఆమెకు మిషనే వినిపించింది. వాడు వస్తున్నాడన్న సంతోషంలో ఆ సంగతి ఆలోచించలేదు.

ఎంపికైన వాళ్లకు ఆమే ఫోన్ చేసి చెప్పడం ఆనవాయితీ. పాటతోపాటు వచ్చిన నంబరుకు చేసింది. ముందుగది ఊడ్చుకోవాలి, మిషనుకు నూనె వేయాలి అనుకుంటూ ఉండగా అటునుంచి ఒక ముసలావిడ పలికింది. తమ్ముడు అద్దెకున్న ఇంటావిడ. ఊపిరితిత్తుల జబ్బట. ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదట. పాట ఎప్పుడో అయిపోయినా పంపడానికి గుండె చాలక రేపు రేపంటూ ఉండిపోయాడట. వాడు పోయాక ఆవిడ మనవరాలు పంపింది.

"ఇంతకీ బాగుందా అమ్మా? అక్క ఏమంటుందోనని అస్తమానం నన్నడిగేవాడు. పాటల సంగతి నాకేం తెలుసు?"

"బాగుంది," అందామె. "వాడని తెలీకుండానే విన్నాను. బాగుంది."

ఫోన్ పెట్టేసింది. మీటలాయన మంచినీళ్లు తెచ్చిస్తే తాగింది. తర్వాత గోడవైపు తిరిగి కూర్చుంది.

"పక్కన పెట్టినవన్నీ మళ్లీ వెయ్యి. ఎవరి తమ్ముళ్లో పాపం."

సాయంత్రం ఇంటికి వెళ్లి, చెప్పులు విప్పకుండానే కిటికీ కింద ఉన్న మిషను ముందు కూర్చుంది. తమ్ముడు లేచి వెళ్లిన నాటి నుంచి సూది గుడ్డలోనే దిగి ఉంది. వాడే వచ్చి ఎత్తాలని ఆమె ముట్టుకోలేదు. ఇవాళ చక్రం తిప్పి సూది ఎత్తింది, గుడ్డను నొక్కిపట్టే పాదం లేపింది, సంచీ బయటకు లాగింది. ఎండకు గుడ్డంతా వెలిసి తెల్లబారిపోయింది. పాదం కింద ఉన్నంత మేర మాత్రం, బొటనవేలంత చోట, ఇంకా ముదురు నీలంగానే ఉంది.