బిశారా ఫోను

తలుపు తట్టలేదు, తన్నారు. రెండో తన్నుకే గడియ ఊడి ఇసుకలో పడింది. సిత్తన అప్పుడు మైక్రోస్కోపు తెర మీద చూపు నిలిపి, పొరుగావిడ ఫోనుకు ఛార్జింగు పిన్ను అతికిస్తోంది. ఉలికిపాటుకు చేతిలోని సోల్డరింగు ఐరన్ జారింది. పిన్ను కాళ్ళన్నీ కలిసిపోయి ఒకే తగరపు ముద్దయ్యాయి.

ఓమ్‌దుర్మాన్ బజారులో సిత్తన, ఆమె పెద్దమ్మ కొడుకు జకరియా పక్కపక్క బల్లల మీద ఫోన్లు బాగుచేసేవాళ్ళు. తుపాకుల మనుషులు బజారు దోచుకున్న రోజున అందరూ గల్లాపెట్టెలు పట్టుకుని పరిగెడితే, జకరియా మాత్రం మైక్రోస్కోపును జొన్నపిండి బస్తాలో దూర్చి భుజానికెత్తుకుని వచ్చాడు. అప్పటినుంచి అతని ఇంటి వరండాలోనే పని. మిద్దె మీద సోలారు పలక ఉంది, ఎండ ఉన్నంతసేపు కరెంటుకు కొదవలేదు. పేటలో ఫోను చచ్చిందంటే మనిషి సగం చచ్చినట్టే. బ్యాంకు అందులోనే, ఊళ్ళు పట్టిపోయిన వాళ్ళ గొంతులూ అందులోనే. యుద్ధం చేరని అట్‌బరా ఊరికి వెళ్ళిపోదామని అన్నాచెల్లెళ్ళిద్దరూ రోజూ అనుకునేవాళ్ళు. రోజూ ఎవరో ఒకరు ఫోను పట్టుకొచ్చి ఏడ్చేవాళ్ళు. అలా ఆగిపోయారు.

ముగ్గురు లోపలికొచ్చారు. ముందున్నవాడు పొడుగరి, తలపాగా కింద కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. తరవాత తెలిసింది, అతని పేరు తిజాని, ఆ వీధులన్నీ ఇప్పుడు అతని చేతికింద ఉన్నాయి. వెనక మెడ లావుపాటివాడు, హసబో, అతని కుడిభుజం. మూడోవాడు గడ్డపాయన, తుపాకి పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"ఫోన్లకు వైద్యం చేసే ఆడమనిషివి నువ్వేనా?" అన్నాడు తిజాని.

జకరియాకు నోరు ఊరుకోదు. మంచం మీంచి లేస్తూ, "ఆమే అన్నా. కానీ తలుపులకు వైద్యం చేసేది నేను. దానికి ఫీజు వేరే," అన్నాడు.

హసబో తుపాకి మడమ తిప్పి అతని మూతి మీద కొట్టాడు. ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. జకరియా గోడకు జారబడి, అరచేతిలోకి ఉమ్ముకుని చూసుకున్నాడు. రెండు పళ్ళు.

"ఇంకేమైనా జోకులున్నాయా?" అన్నాడు హసబో.

తిజాని ఇదేదీ చూడలేదు. జేబులోంచి ఒక గుడ్డమూట తీసి బల్ల మీద విప్పాడు. అందులో ఫోను. అద్దం బీటలు వారి, సందుల్లో నల్లగా ఏదో ఎండిపోయి ఉంది.

"నా తమ్ముడు బిశారాది. వంతెన దగ్గర పోయాడు. ఆ పొద్దున ఫోను చేసి, 'అన్నా, నీకో మాట చెప్పాలి, ఇక్కడ నోరెత్తలేను, రికార్డు చేసి పంపుతా' అన్నాడు. నెట్టు పోయింది. ఆ మాట రాలేదు, సాయంత్రానికి వాడి శవం వచ్చింది." అతను ఆ గుడ్డ కొసను వేళ్ళ మధ్య నలిపాడు. "అది ఇందులోనే ఉంటుంది. నాకది కావాలి. అమ్మకు వాడి గొంతు వినిపించాలి."

"అన్నా, నెత్తురు తాగిన ఫోను బతుకుతుందో లేదో విప్పితేగానీ..." అంది సిత్తన.

"బతుకుతుంది," అన్నాడు తిజాని. "లేదంటే మీరిద్దరూ బతకరు."

సిత్తన ఆ సమయంలో హసబో మొహం చూసింది. రికార్డు మాట వినగానే వాడి దవడ కదలడం ఆగిపోయింది. ఆ సంగతి వాడికీ అప్పుడే తెలిసినట్టుంది.

ఆమె ఫోను విప్పి బోర్డు తీసి కెమెరా కింద పెట్టింది. ఆ మైక్రోస్కోపు కంటికి ఆనించుకుని చూసే రకం కాదు. కింద కెమెరా, పైన పుస్తకమంత తెర. చేతులు బల్ల మీద, చూపు తెర మీద. ఆమెకు కనిపించేదంతా పక్కవాళ్ళకూ కనిపిస్తుంది. రేకు మూత ఎత్తేసరికి ఆవగింజకన్నా చిన్న ముక్కలు పెంకుటిళ్ళంత అయ్యాయి, వాటి నడుమ సందుల్లో నెత్తురు వరద బురదలా గడ్డకట్టి ఉంది. తిజాని ఆమె భుజం మీదుగా వంగాడు.

"అది వాడిదేనా?" అన్నాడు.

సిత్తన తలూపింది. అతను తెరను వేలితో తాకాడు. ఆ వెంటనే ఎవరినో కొట్టాలన్నట్టు చుట్టూ చూసి, నీళ్ళకుండను కాలితో తన్నాడు. అది బద్దలై వరండా అంతా తడిసింది.

బయట బండిలోంచి వైర్‌లెస్ అరిచింది. తిజాని వెళ్ళాడు. అతని అడుగుల చప్పుడు వాకిలి దాటగానే హసబో స్టూలు లాక్కుని సిత్తన పక్కన కూర్చున్నాడు.

"చూడమ్మాయ్. ఇది వెలగకూడదు."

"ఆయన తెర చూస్తూనే ఉంటాడు. చిన్న గీత పడినా కాలవంత కనిపిస్తుంది."

"చెయ్యి జారిందను."

"జారితే ఆయన చంపుతాడు."

"జారకపోతే నేను చంపుతా. ముందు వీణ్ణి, వీడి తరవాత నిన్ను. నిన్ను నిదానంగా." వాడు చిన్నగా నవ్వాడు. "నమ్మకం కుదరలేదా?"

వేడిగాలి గన్ను బల్ల మీద బుసకొడుతూనే ఉంది, తగరం కరిగించే వేడిలో. హసబో దాన్ని అందుకున్నాడు. జకరియా కుడి మణికట్టును బూటు కింద తొక్కిపెట్టి, వేళ్ళు విప్పి, గాలి గొట్టాన్ని అరచేతికి ఆనించాడు. జకరియా అరుపు సిత్తన ఎన్నడూ విననిది. మనిషి గొంతులా లేదు. చర్మం తెల్లగా పొంగి, నల్లబడి, వేళ్ళ వైపు ముడుచుకుపోయింది. ఆమె మీదపడి వాడి చెయ్యి లాగితే మోచేత్తో గుండెల మీద పొడిచాడు. ఊపిరాడక కూలబడింది.

తిజాని లోపలికొచ్చాడు. "ఏంటీ గోల?"

"బద్ధకిస్తున్నారన్నా. తొందరపెడుతున్నా."

తిజాని ఆ చేతిని చూశాడు. "పనిచేసే చేతుల జోలికి పోకన్నానా?"

"ఇది పనిచేసే చెయ్యి కాదు. పని ఆ ఆడదానిది."

అది అబద్ధం. బజారులో పదేళ్ళు సిత్తనకు పని నేర్పిన చెయ్యి అదే. తిజాని స్టూలు తన వైపు లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. హసబో వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు, తుపాకి ఒళ్ళో.

సిత్తనకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. తిజానితో చెప్పేస్తే? నిన్నటిదాకా మొహం ఎరగని ఆడదాని మాట నమ్మి, పక్కనే తిరిగే స్నేహితుణ్ణి అనుమానిస్తాడా? చెయ్యి జారిందంటే? జారిన చెయ్యి ఆ తెర మీద ఏనుగు తొండమంత కనిపిస్తుంది. ఆమె బ్రష్షును స్పిరిట్లో ముంచి నెత్తురు కడగసాగింది. గోధుమ రంగు నీరు బోర్డు మీంచి కారుతోంది. వెనక జకరియా మూలుగు. గాలిలో కాలిన మాంసం వాసన. భయం ఉండవలసిన చోట ఆమెకు ఇంకేదో లేస్తోంది, పళ్ళు గిట్టకరుచుకునేలా.

ఆమె కింద పడిన ట్వీజరు ఏరుకునే నెపంతో అన్న దగ్గర వంగింది. అతని పెదాలు వాచిపోయి మాట సరిగా రావడం లేదు.

"వెలిగించు చెల్లీ," అన్నాడు. "వాడు దేనికి భయపడుతున్నాడో అది వెలిగించు."

ఇక ఆమె తిరిగి చూడలేదు. కరెంటు దారిలో ఒక ముక్క కాలి అడ్డంపడి ఉంది, దాన్ని ట్వీజరుతో పీకేసింది. తుప్పుకు ఒక దారి తెగిపోయింది. వెంట్రుకకన్నా సన్నటి రాగి తీగ తీసుకుని, ఒక కొసను ఇటు, ఒక కొసను అటు అతికించాలి. మామూలు రోజున ఊపిరి బిగబట్టి చేసే పని అది. ఆ రోజు మెడ మీద ఒకడి ఊపిరి, వీపు మీద ఒకడి తుపాకి. ఆమె మణికట్టును బల్ల అంచుకు గట్టిగా నొక్కిపెట్టింది. తగరం మెరిసి, పారి, తీగను పట్టుకుంది.

"అతికిందా?" అన్నాడు తిజాని గుసగుసగా.

"అతికింది."

కరెంటు ఇచ్చింది. మీటరులో ముల్లు కదిలింది, పడింది, మళ్ళీ లేచి నిలబడింది. పగిలిన అద్దం వెనక వెలుగు వచ్చింది. తిజాని ఆ వెలుగును చూసి చిన్నపిల్లాడిలా వెక్కాడు.

"తాళం తియ్యడానికి గీత గుర్తు అడుగుతోందన్నా," అంది సిత్తన.

"నాకు తెలుసు. మా ఇద్దరిదీ ఒకటే." అతను వేలు చాచాడు.

అంతే, వెనక తుపాకి పేలింది. బోర్డూ అద్దమూ తిజాని రెండు వేళ్ళూ కలిసి ఎగిరిపోయాయి. అతను తెగిన వేళ్ళ మొదళ్ళను చూసుకుని, మెల్లగా వెనక్కి తిరిగాడు. వాడి పేరు మాత్రమే అన్నాడు.

"హసబో?"

ఇక అడగడానికేం లేదు. ఆ ఫోనులో బిశారా ఏం చెప్పాడో ఎవరికీ తెలియదు. కానీ వంతెన దగ్గర వాణ్ణి చంపిందెవరో హసబో అదిరిన మొహమే చెప్పేసింది.

"నేను కావాలని కాదన్నా... వాడు నా మీద నీకు..." మాట పూర్తిచేయకుండానే హసబో మళ్ళీ కాల్చాడు. గుండు తిజాని పొట్టలో దిగింది. గుమ్మంలోని గడ్డపాయన తుపాకి ఎత్తాడు. హసబో ఒక్క దూకుతో సిత్తన జుట్టు పట్టి లేపి తన ముందుకు లాక్కున్నాడు. వాడి మోచెయ్యి ఆమె గొంతుకు బిగుసుకుంది. తుపాకి వేడి గొట్టం ఆమె చెవి పక్కన చర్మాన్ని కాల్చింది.

"తుపాకి కింద పెట్టు! దీన్ని చంపేస్తా!"

ఐరన్ ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఏళ్ళ తరబడి చేతుల వైపు చూడకుండా చేతులతో పనిచేసిన మనిషి. వెనక్కి చూడలేదు. వాడి ఊపిరి ఎక్కడ తగులుతోందో దాని కిందకు గురిచూసి మొన గుచ్చింది. అది మెడలో దిగింది. తగరంలో దిగినంత సులువుగా. బుస్సుమంది. హసబో గావుకేకతో వదిలేశాడు. ఆమె నేలన పడింది. గడ్డపాయన వాడి గుండెల మీద కాల్చాడు, పడిపోయాక కూడా కాలుస్తూనే ఉన్నాడు, గుళ్ళు అయిపోయేదాకా.

చప్పుడు ఆగాక మైక్రోస్కోపు తెర ఒక్కటే వెలుగుతోంది. దాని కింద బోర్డు ముక్క ఒకటి మిగిలింది. తిజాని నేల మీద పొట్ట పట్టుకుని ఆ తెర వైపే చూస్తున్నాడు.

"మళ్ళీ అతికించు," అన్నాడు.

సిత్తన చూసింది. గొంతులు దాచుకునే చిప్పు నిలువునా రెండుగా చీలింది. ఆ మనిషికి ఓ అబద్ధం చెప్పి పంపవచ్చు. ఆమెకు బుద్ధి పుట్టలేదు.

"ఇక రాదు," అంది.

గడ్డపాయన అతన్ని భుజాన వేసుకుని బండి ఎక్కించి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు వచ్చేలోపు పారిపోవాలి. పక్కింటి గాడిదబండిలో గడ్డిమోపుల కింద జకరియాను పడుకోబెట్టి సిత్తన ఊరు దాటింది. మైక్రోస్కోపు వెంట తీసుకోలేదు. దారిలో రెండు చోట్ల ఆపి తడిమారు. జకరియా గుడ్డ కొరుక్కుని మూలుగు మింగాడు. అట్‌బరా చేరేసరికి చెయ్యి కుళ్ళింది. డాక్టరు మణికట్టు దాకా తీసేశాడు.

అట్‌బరా రైలు స్టేషను దగ్గర ఇప్పుడు వాళ్ళకో బల్ల ఉంది. ఇంకో మైక్రోస్కోపు సంపాదించారు. సిత్తన అతికిస్తుంది, జకరియా బేరాలాడి నవ్విస్తాడు. రాత్రుళ్ళు ఆమెకు కలలోకి వచ్చేది అన్న అరుపు కాదు, మెడలో మొన దిగిన ఆ మెత్తదనం. దానికి తాను పశ్చాత్తాపపడటం లేదని తెలిసి ఆమె తనను చూసి తాను జంకింది.

చలికాలంలో ఒక మధ్యాహ్నం ఒకాయన వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. గడ్డం తీసేశాడు, అయినా ఇద్దరూ పోల్చుకున్నారు.

"తిజాని దారిలోనే పోయాడు," అన్నాడు. "నేనూ తుపాకి వదిలేశా. వాళ్ళమ్మ ఇంకా అడుగుతోంది. ఆ ఫోనులో ఏముందక్కా? నువ్వేమైనా విన్నావా?"

"ఏమీ వినలేదు."

"ఒక్క మాటైనా..."

జకరియా లేచాడు. ఎడమ చేత్తో షట్టరు కొక్కెం కడ్డీ అందుకుని ఆ మనిషి మొహాన కొట్టాడు. మళ్ళీ భుజం మీద. మళ్ళీ. వాడు చేతులు అడ్డం పెట్టుకోలేదు. "కొట్టు," అన్నాడు. "ఆ రోజు గుమ్మంలో నిలబడి అన్నీ చూసింది నేనే." చుట్టూ జనం మూగారు. సిత్తన ఐరన్ స్టాండులో పెట్టి చూస్తూ కూర్చుంది. ఆపాలని తెలుసు. నాలుగో దెబ్బ దాకా లేవలేదు. అప్పుడు లేచి అన్న నడుము పట్టుకుని వెనక్కి లాగింది.

ఆ మనిషి ముక్కు నెత్తురు చేత్తో తుడుచుకుని, పట్టాల వెంబడి వెళ్ళిపోయాడు. జకరియా కడ్డీ పారేసి, రొప్పుతూ కూలబడ్డాడు.

"నొప్పిగా ఉందా అన్నా?" అంది సిత్తన.

"ఊఁ. కొత్త చెయ్యి కదా," అన్నాడు ఎడమ చెయ్యి విదిలిస్తూ. "ఇంకా అలవాటు కాలేదు."