మనది కాని చేప

రంగుచేపల దుకాణంలో లైటు వేశాక పావుగంట దాకా చేపలాయన ఎవరికీ చేప పట్టి ఇవ్వడు. రాత్రంతా చీకట్లో ఉన్న టెట్రా చేపలకు రంగు ఉండదు. నీలం గీతా ఎర్ర గీతా వెలిసిపోయి, నీళ్లలో కదిలే గాజుముక్కల్లా ఉంటాయి. అప్పుడు వాటిలో ఏది నియాన్ రకమో ఏది కార్డినల్ రకమో చెప్పడం ఎవరి తరమూ కాదు. రంగు వచ్చాక మాత్రం అతనికి రెప్పపాటు చాలు. నియాన్‌కి ఎరుపు పొట్ట మధ్య నుంచి తోక దాకా, కార్డినల్‌కి మొప్పల దగ్గర్నుంచే. ఆ బెత్తెడు కూడా లేని తేడా మీదే ఇరవై తొమ్మిదేళ్లుగా బతుకు వెళ్లదీస్తున్నాడు.

ఆ పొద్దున షట్టరు ఎత్తేసరికే ఒకాయన నిలబడి ఉన్నాడు. వయసు చేపలాయనదే, యాభై దాటి ఉంటుంది. నిద్ర లేని మొహం.

"ఇంట్లో ఆరు నియాన్లుండేవి. ఒకటి పోయింది. అమ్మకి తెలీకుండా వేరే షాపులో ఇంకోటి తెచ్చి వేశాను" అంటూ ఫోనులో బొమ్మ చూపించాడు.

"ఇది కార్డినలండీ. మీకు అంటగట్టారు."

"తొట్టి అమ్మ మంచం పక్కనే ఉంటుంది. చూడగానే, ఇది మనది కాదు అంది. మర్నాటి నుంచి నన్నూ అలాగే చూస్తోంది." ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఎక్కువ రోజులు లేవన్నారు డాక్టరు. ఈ చేపని మారిస్తే ఒక్కసారైనా నన్ను గుర్తుపడుతుందేమోనని. మీకు పిచ్చిలా ఉంటుందిలెండి."

చేపలాయనకి నవ్వు రాలేదు. చేతకానివాడు వల పెడితే ఉన్నవీ చస్తాయని వంక చెప్పి, ఒక నియాన్‌ని కవర్లో వేసుకుని తనే బయల్దేరాడు.

రెండు వీధులవతల, రెండో అంతస్తు. గదికి తెరలు వేసి ఉన్నాయి. వెలుతురంతా తొట్టిదే. మంచం మీద ముసలామె ఉందో లేదో తెలియనంత పలచగా ఉంది. తొట్లో ఆరు చేపలూ ఒక్క గుంపుగా తిరుగుతున్నాయి. వాటికి మనవాళ్లూ పరాయివాళ్లూ అన్న పట్టింపేమీ లేదు.

కొత్తదాన్ని ముందు వదిలి, వల పెట్టి కార్డినల్ కోసం వెతికాడు. రెండుసార్లు జారిపోయింది. మూడోసారికి చొక్కా చంక దాకా తడిసింది.

"ఎంతసేపురా నీళ్లలో? జలుబు చేస్తుంది" అంది వెనక నుంచి గొంతు.

తిరిగి చూశాడు. ఆమె అతన్నే చూస్తోంది.

"నేను చేపల షాపు నుంచి వచ్చానమ్మా. మీ అబ్బాయి అదుగో, గుమ్మంలో ఉన్నారు."

ఆమె గుమ్మం వైపు మర్యాదగా చూసింది. "ఆయన రోజూ వస్తారు పాపం. మంచివారే. మనవాళ్లు కాదు." తర్వాత గొంతు పెంచింది. "బాబూ, ఏమీ అనుకోకండి. వీడికో పొడి చొక్కా ఇస్తారా? ఆ తడిది కాస్త ఆరేయండి."

కన్నకొడుకు 'మీరు' అయ్యాడు, దారినపోయేవాడు 'వీడు' అయ్యాడు. ఆ కొడుకు పల్లెత్తు మాట అనకుండా బీరువాలోంచి తన చొక్కా తెచ్చిచ్చాడు. చేపలాయనకి అది కొలిచి కుట్టినట్టు సరిపోయింది. తడిదాన్ని కొడుకు ఆరేయడానికి పట్టుకెళ్లాడు.

ఆమె అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని గడ్డం కింద వేలితో తడిమింది. "మానింది గాని మచ్చ పోలేదు. మూడేళ్లు నీకు. నేను అందుకునే లోపలే మెట్ల మీంచి పడిపోయావు."

చేపలాయన గడ్డం కింద నిజంగానే మచ్చ ఉంది. ఆ మచ్చ ఎలా వచ్చిందో అతనికి తెలియదు. ఊహ తెలియకముందే తల్లి పోయింది. పెంచిన పిన్నిని అడిగితే, ఎప్పుడో తగిలిందిలే అనేది. పెళ్లి కాలేదు. దుకాణం మీద ఒక గది, హోటల్లో భోజనం. ఇన్నేళ్లలో ఆ మచ్చని గమనించి అడిగిన మనిషే లేడు. లేచి పారిపోవాలనిపించింది. లేవలేకపోయాడు.

"అన్నం తిన్నావా?"

అతను గుమ్మం వైపు చూశాడు. కొడుకు కళ్ల నిండా నీళ్లు పెట్టుకుని, ఔనని చెప్పమన్నట్టు తలూపాడు.

"తిన్నానమ్మా" అని అబద్ధమాడాడు చేపలాయన.

"అయితే కాసేపు కూర్చో."

కూర్చున్నాడు. దుకాణం యజమాని చేసిన ఫోను జేబులో రెండుసార్లు మోగి ఆగింది. ఆమె చెయ్యి అతని చేతిలోనే ఉంది. మధ్యాహ్నం ఎప్పుడో ఊపిరి ఆగింది. తొట్లలో చేపలు అలా చప్పుడు లేకుండా ఆగిపోవడాన్ని రోజూ చూసేవాడు గనక కొడుకు కంటే ముందే అతనికి తెలిసింది. అయినా కాసేపు చెప్పలేదు.

కొడుకు నేల మీద కూలబడి ఏడ్చాడు. ఏడుపు తగ్గాక మెల్లగా అన్నాడు. "నేనెప్పుడూ మెట్ల మీంచి పడలేదు. నా చిన్నప్పుడు మా ఇంటికి మెట్లే లేవు."

చేపలాయన చెయ్యి గడ్డం కింది మచ్చ మీదికి వెళ్లింది.

"తేడాలు పట్టడమే కదా మీ పని. నన్ను సరిగ్గా చూసి చెప్పండి. అమ్మకి నాలో ఏం కనపడలేదు?"

చాలాసేపు చూశాడు. అదే ఎత్తు, అదే నెరిసిన జుట్టు, అదే వంగిన భుజం. ఎక్కడా ఏమీ దొరకలేదు. "మీరే ఆవిడ కొడుకు" అన్నాడు చివరికి. అంటూనే, ఆ కొడుకు తనే అయితే ఎంత బాగుండునని మనసారా అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు.

బంధువులు రావడం మొదలైంది. మొదట వచ్చిన పెద్దాయన నేరుగా చేపలాయన దగ్గరికి వచ్చి భుజం పట్టుకున్నాడు. "ధైర్యంగా ఉండు బాబూ. అమ్మ సుఖంగా పోయింది." మూలన నిలబడ్డ కొడుకు తల వంచుకున్నాడు. కాదని చెప్పబోయిన చేపలాయన, ఆ చేతిని తన భుజం మీద అలాగే ఉండనిచ్చాడు.

జనం పెరిగాక ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగాడు. వీధి మలుపు దాకా వచ్చాక గాని, ఒంటి మీద ఉన్నది తన చొక్కా కాదని గుర్తు రాలేదు. వెనక్కి తిరిగి తలెత్తి చూశాడు.

పైన వసారాలో, తాడు మీద అతని చొక్కా ఉంది. బొత్తాలన్నీ పెట్టి, కాలరు సర్ది, చేతులు రెండూ కిందికి వదిలి, ఎవరో లోపల ఉన్నట్టే జాగ్రత్తగా ఆరేసి ఉంది.