అన్నిటికంటే గట్టిగా అరిచేది

ఎడమ గుప్పిట్లో పది సిగరెట్లను నిలువుగా పట్టి, చివర్లలో పొడుచుకొచ్చిన పొగాకును కత్తెరతో తీసి, గుప్పిట తిప్పి రెండోవైపు కూడా తీసి, నింగ్రుమ్ వాటిని చెక్క అరలోకి జార్చింది. అవి సర్దుకునేలోపే ఇంకో పది ఆమె ముందుకు వచ్చాయి. పక్కన కూర్చున్న బు కేసి అనే పెద్దావిడ సిగరెట్లు చుడుతోంది. ఒకరు చుట్టాలి, ఒకరు కత్తిరించాలి. కుదుస్ ఊళ్ళో ఈ పని ఎప్పుడూ ఇద్దరు ఆడవాళ్ళ జోడీగానే సాగుతుంది. చుట్టే ఆవిడ చెయ్యి ఆగితే కత్తిరించే పిల్లకి పని ఉండదు, కత్తెర వెనకబడితే చుట్టే ఆవిడ తిడుతుంది. పద్దెనిమిదో ఏట బడి అయిపోయిన వారానికే నింగ్రుమ్ ఈ బల్ల దగ్గర కూర్చుంది. నాలుగేళ్ళయింది. కుడి బొటనవేలికి కత్తెర కన్ను ఒరుసుకునే చోట చర్మం గట్టిపడి పసుపు రంగుకు తిరిగింది. ఇంటికెళ్ళి ఎంత తోముకున్నా జుట్టులోంచి పొగాకులో కలిపే లవంగాల వాసన పోదు.

"మధ్యాహ్నం పిట్టల సంతకి పోతున్నా," అంది, కత్తెర ఆపకుండా.

"ఏం కొంటావే?"

"చిలక."

బు కేసి చేతులు ఆగాయి. ఆవిడకి యాభై దాటాయి. నవ్వితే పైవరసలో బంగారు పన్ను మెరుస్తుంది.

"గువ్వ ఉన్న ఇంట్లోకి చిలకా? మీ పెదనాన్నకి గుండె ఆగిపోద్దే."

"గుండె ఆగక్కర్లేదు. మా ఇంటికి రావడం ఆగితే చాలు."

బంగారు పన్ను ఓసారి మెరిసి మాయమైంది. "ముందు కత్తిరించు, పోగు పెరిగిపోతోంది," అంది బు కేసి. ఓ పది చుట్టాక, తల తిప్పకుండానే, "గట్టిదాన్నే చూసి తీసుకో," అంది.

నాన్న పోయి నూట మూడు రోజులు. ఆయన చక్కెర మిల్లు గేటు దగ్గర కాపలా ఉండేవాడు. ఆయనకంటూ ఈ లోకంలో ఉన్నదల్లా కి రంగ్గో అనే ఒక గువ్వ. నింగ్రుమ్‌కి ఎనిమిదేళ్ళప్పుడు దాన్ని తెచ్చాడు. పొద్దున్నే పంజరాన్ని తాడుకు కట్టి, గిలక మీదుగా పొడవాటి గడ చివరికి లాగేవాడు. పైన ఎండ తగలగానే అది మూడు ముక్కలుగా కూసేది. వీధిలో మగవాళ్ళు సైకిళ్ళు ఆపి, తలలు పైకెత్తి వినేవాళ్ళు. ఆ తాడు మాత్రం నాన్న ఎన్నడూ ఆమె చేతికి ఇవ్వలేదు. ఆడపిల్ల చెయ్యి పడితే గొంతు పోతుందని ఆయన స్నేహితులు అనేవాళ్ళు. అలా అనొద్దని నాన్న కూడా ఎప్పుడూ చెప్పలేదు. రెట్ట గీకడం, కొర్రలు చెరగడం, నీళ్ళు కాచి చల్లార్చి పోయడం మాత్రం ఆమె పనే. వాటివల్ల గొంతు పోలేదు.

ఏడో రోజు నుంచి పెదనాన్న సుకార్ది వచ్చి గువ్వను ఎక్కించడం మొదలుపెట్టాడు. ఎక్కించి వెళ్ళిపోతే బాగానే ఉండేది. ఆయన వరండాలో నాన్న కుర్చీలో కూర్చుని మధ్యాహ్నం దాకా కదిలేవాడు కాదు. నాన్న మూతగ్లాసులోనే ఆయనా కాఫీ తాగేవాడు. కిటికీ రెక్కలు ఎప్పుడు వెయ్యాలో అమ్మకు చెప్పేవాడు. పెళ్ళి సంబంధం అడగడానికి వచ్చిన వాళ్ళను గేటు దగ్గరే ఆపి, ఏదైనా తనతో మాట్లాడమన్నాడు. పొద్దుటిపూట వరండాలో కూర్చుని వీధి చూస్తూ బియ్యం ఏరుకునే అమ్మ వంటింట్లో పీట మీదికి మారింది. ఆమెను ఎవరూ మారమనలేదు. కుర్చీ ఖాళీ లేదంతే.

మూడు రోజుల కిందట వందో రోజు ప్రార్థన భోజనాలప్పుడు, మగవాళ్ళందరి ముందూ ఆయన ఒక మాట అన్నాడు. "పక్షి ఉన్న ఇంటికి మగదిక్కు ఉండాలి. సోమవారం నుంచి ముందుగదిలో నేనుంటా. నింగ్ వాళ్ళమ్మ దగ్గర సర్దుకుంటుంది." చేతిలో పళ్ళేలతో అమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. అన్నం తింటున్న మగవాళ్ళు తలలూపారు. గువ్వ ఉన్నన్నాళ్ళూ పెదనాన్న ఉంటాడని నింగ్రుమ్‌కి అప్పుడు అర్థమైంది. గువ్వల వాళ్ళు దేనికి భయపడతారో కూడా ఆమెకు తెలుసు. గువ్వ చుట్టూ ఏ శబ్దం ఉంటే అది పట్టుకుంటుందనీ, చిలక కేకలు వింటే దాని గొంతు పగిలిపోతుందనీ వాళ్ళ నమ్మకం. సంతలో కూడా గువ్వ పంజరం పట్టుకున్నవాడు చిలకల వరసలోకి రాడు, చుట్టు తిరిగి పోతాడు.

పని పన్నెండుకి అయిపోయింది. కుళాయి దగ్గర నిమ్మచెక్కతో గోళ్ళ సందుల దాకా తోముకుంది. పొగాకు పక్షికి విషం. ఎనిమిదేళ్ళప్పుడే నాన్న నేర్పిన జాగ్రత్త అది. సైకిలెక్కింది.

అయిదు రోజులకోసారి వచ్చే వాగె, పెద్ద సంత రోజు కావడంతో సంత కిటకిటలాడుతోంది. మిడతలు, చీమగుడ్లు అమ్మేవాళ్ళను దాటి, గువ్వల వరస దాటి చివరనున్న చిలకల వరసకు వెళ్ళింది. పాక్ కస్మిన్ దుకాణం అక్కడే. బక్కమనిషి, బనియను మీద గింజల పొట్టు. ఆమెను చూడగానే అరచేయంత పంజరం ముందుకు తోశాడు. అందులో ఆకుపచ్చ జంట ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చుంది.

"మొదటిసారా? ఇవి పట్టుకెళ్ళు. సాధువులు. పక్కింటివాళ్ళకి కూడా తెలీదు."

"నాకు పక్కింటివాళ్ళకి తెలియాలి," అంది నింగ్రుమ్. "మీ దగ్గర అన్నిటికంటే గట్టిగా అరిచేది ఏది?"

ఆయన గింజల డబ్బా కింద పెట్టాడు. "ముప్పై ఏళ్ళ నుంచి అమ్ముతున్నా తల్లీ. ఏది మాట్లాడుతుందని అడిగారు, ఏది కరవదని అడిగారు. ఇదెవరూ అడగలేదు. ఎవరిమీద కోపం?"

ఆమె పంజరాల వైపు చూసింది. ఆయన నవ్వుకుంటూ పై వరసలోంచి ఒక పంజరం దించాడు. పసుపూ నారింజా కలిసిన చిలక, కాలికి పెంపకందారుడి ఉంగరం. దించిందే తడవు అరవడం మొదలుపెట్టింది. నింగ్రుమ్ దాని ముఖం చూడలేదు. వంగి పంజరం అడుగు చూసింది. తర్వాత తోక చూసింది. ఊపిరి పీల్చినప్పుడల్లా తోక పైకీ కిందకీ ఊగుతోంది.

"దీనికి రొమ్ములో జబ్బుంది. రెట్ట నీళ్ళలా ఉంది. దీన్ని అమ్మకండి, మందెయ్యండి."

పాక్ కస్మిన్ తనూ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఎవరు నేర్పారు నీకు?"

"ఎవరూ నేర్పలేదు. పద్నాలుగేళ్ళు కడిగాను."

ఆయన దుకాణం వెనక్కి వెళ్ళి ఇంకో పంజరం తెచ్చాడు. అదే జాతి. రొమ్ము మీద ఈకలు తానే పీక్కున్నట్టు అక్కడక్కడా బూడిదరంగు నూగు కనిపిస్తోంది. ఒక కన్ను ఆమె వైపు తిప్పి చూస్తోంది. అరవడం లేదు.

"ఏడాదిన్నర వయసు. మూడిళ్ళు చూసొచ్చింది. ముగ్గురూ నెల తిరక్కుండా వెనక్కి తెచ్చారు. ఒకాయనైతే దండం పెట్టి మరీ ఇచ్చిపోయాడు."

"అరవట్లేదుగా?"

"మనిషిని చూస్తోంది. ఆగు."

నింగ్రుమ్ తోక చూసింది, నిలకడగా ఉంది. రెట్ట చూసింది. కాళ్ళ పొలుసులు చూసింది. ముక్కు రంధ్రాలు పొడిగా శుభ్రంగా ఉన్నాయి. ఊచల మధ్య బొటనవేలు పెట్టింది. చిలక పక్కకు జరిగింది, మళ్ళీ వచ్చింది, ఆ గట్టిపడిన చర్మాన్ని ముక్కుతో పట్టి నొక్కింది. నొప్పి తెలియలేదు. ఆమె వేలు తియ్యలేదు. అది ఇంకొంచెం నొక్కింది. ఈమెకు నొప్పెందుకు పుట్టడం లేదో తేల్చుకోవాలన్నట్టు వేలు వదిలి, తల అడ్డంగా వంచి చూసింది. మరుక్షణం నోరు తెరిచింది. ఆ కేకకు ఎదురు దుకాణంలో బేరం చేస్తున్నాయన చెవులు మూసుకున్నాడు. రెండు వరసల అవతల గువ్వల వాళ్ళెవరో బూతులు తిట్టారు.

నింగ్రుమ్‌కి నవ్వొచ్చింది. పెదనాన్న సంగతి ఆ క్షణంలో ఆమెకు గుర్తులేదు. ఈ నోరు మూయించడానికి మూడిళ్ళు చాలలేదు.

"ఇదే," అంది.

"వెనక్కి తేకూడదు మరి."

"తేను."

"వెదురు పంజరంలో పెట్టకు. పూటలో కొరికేస్తుంది. ఇనపదే కావాలి."

పాత సైకిలు ట్యూబుతో ఇనప పంజరాన్ని వెనక కట్టుకుని ఇల్లు చేరేసరికి రెండయింది. దారంతా అది అరుస్తూనే ఉంది. కూడళ్ళలో జనం తిరిగి చూశారు. ఆమె తల దించుకోలేదు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ పంజరం చుట్టూ ఒకసారి తిరిగింది.

"మీ పెదనాన్నకి చెప్పావా?"

"వచ్చాక చూస్తాడుగా."

నింగ్రుమ్ పంజరాన్ని వరండా దూలానికి, గువ్వ గడకు ఎదురుగా వేలాడదీసింది.

నాలుగున్నరకి గువ్వను దించడానికి పెదనాన్న వచ్చాడు. చిలక కేకకు మోటారుసైకిలు సందు మలుపులోనే ఆగింది. అక్కడి నుంచి నల్ల టోపీ సర్దుకుంటూ నడిచి వచ్చాడు.

"ఏంటది?"

"చిలక."

"ఎవరు తెచ్చారు?"

"నేను."

"మతి పోయిందా నీకు? ఎదురుగా గువ్వ ఉంది, కళ్ళు కనిపించట్లేదా? రేపు పొద్దున్నే తిరిగిచ్చెయ్."

"ఇవ్వను, పెదనాన్నా."

ఆయన వేలికున్న రాయి ఉంగరాన్ని తిప్పుకున్నాడు. "ఇల్లు, భార్య, గుర్రం, కత్తి, పక్షి. ఈ అయిదూ ఉంటేనే మగాడన్నారు. పెద్దలు ఊరికే అన్నారా? ఆడపిల్లకి పక్షేంటి?"

"మీకు గుర్రం లేదుగా."

గోడవతల పక్కింటి బు తిన్ నవ్వు ఆపుకోలేక దగ్గింది. పెదనాన్న ముఖం ఎర్రబడింది. "మర్నీ! నీ కూతురికి చెప్పు."

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆయన్ని చూసింది, చిలకను చూసింది. "దానికి తిండి పెట్టావా?" అని కూతుర్ని అడిగింది.

చిలక అరిచింది. గడ మీద గువ్వ మెడ ముడుచుకుని కూర్చుంది.

"ఈ గోలలో రెండు రోజులుంటే రంగ్గో గొంతు పోతుంది," అన్నాడు పెదనాన్న. ఈసారి గొంతు తగ్గించి అన్నాడు.

"అవును. అందుకే మీ ఇంటికి తీసుకెళ్ళండి."

ఆయనకు అప్పుడు అర్థమైంది. "మీ నాన్న పక్షిని గెంటేస్తున్నావా?"

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. గుచ్చుకోవాలనే అన్నాడు. వరండా స్తంభాన్ని పట్టుకుంది.

"నాన్న పక్షిని మీకిస్తున్నాను. ఇల్లు ఇవ్వట్లేదు."

పెదనాన్న కుర్చీ వైపు చూశాడు, గడ పైకి చూశాడు. ఇంకో కేక వినిపించాక తాడు ముడి విప్పాడు. పంజరం కుదపకుండా, గిలక కిర్రుమనకుండా, జానెడు జానెడు దించాడు. ఆ చేతులను చూస్తే ఆయనకు ఆ పక్షంటే ప్రాణమేనని నింగ్రుమ్‌కి తెలిసింది. దానివల్ల ఆమె నిర్ణయం మారలేదు. వెళ్ళి కొర్రల సంచీ కట్టింది. దారిలో ఒలకకుండా పంజరంలోంచి నీళ్ళ గిన్నె తీసి, పెరట్లో పారబోసి వచ్చింది.

"ఎడమకాలికి వారానికోసారి కొబ్బరినూనె రాయాలి. లేకపోతే పొలుసులు లేస్తాయి."

"వాడెప్పుడూ చెప్పలేదే. వాడు రాసేవాడా?"

"నేను రాసేదాన్ని."

ఆయన ఆమె ముఖంలోకి మొదటిసారి చూసినట్టు చూశాడు. పంజరం పట్టుకుని నడిచాడు. సోమవారం మాట ఎత్తలేదు. సందు మలుపులో మోటారుసైకిలు మొదలైంది. ఆ చప్పుడులో కి రంగ్గో కూసింది. మూడు ముక్కలు, ఎప్పటిలాగే. గొంతేమీ పగల్లేదు. తర్వాత మోటారుసైకిలు చప్పుడు కూడా వినిపించలేదు.

గోడ మీదుగా బు తిన్ తల పెట్టింది. "మైకు మింగిందా ఏంటే మీ చిలక? మా ఆయన మధ్యాహ్నం నిద్ర పోయినట్టే."

"పోయినట్టే," అంది నింగ్రుమ్.

అమ్మ చాటలో బియ్యం తెచ్చుకుంది. వరండాలో కుర్చీ ముందు కాసేపు నిలబడి, కూర్చుంది. కూర్చున్నాక కుర్చీని వీధి వైపు కొంచెం తిప్పుకుంది.

"రోజంతా ఇలాగే అరుస్తుందా?"

"అరుస్తుంది."

"అరవనీ," అంది అమ్మ, ఒక వడ్లగింజ ఏరి బయటికి విసురుతూ.

నింగ్రుమ్ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. కుళాయి గట్టు మీద గువ్వ నీళ్ళ గిన్నె ఉంది. తీసింది తనే, ఇవ్వడం మరిచింది. అడగడం ఆయనా మరిచాడు. నీలంపూల పింగాణీ గిన్నె. అడుగున ఒక కొర్రపొట్టు అంటుకుని ఉంది. పద్నాలుగేళ్ళుగా ఒక ముక్కు వంగిన చోట అంచున నీలం చెరిగిపోయి, గోరంత మేర తెల్లగా తేలి ఉంది.