లాండ్రీ బోర్డు మీద అత్తగారు

ఆ వీధిలో లాండ్రీ పెట్టి పదకొండేళ్లయినా దానికంటూ ఒక గుర్తింపు లేదు. అందరూ "మందుల షాపు పక్కది" అనేవారు. ఒకాయనైతే మూడేళ్లుగా బట్టలు వేస్తూ, లాండ్రీ కూడా మందుల షాపువాళ్లదే అనుకుని, ఇస్త్రీ బాగుంటోందని వాళ్లకు థాంక్స్ చెప్పి వెళ్లాడు. అది విన్న రోజు లాండ్రీ యజమానికి అన్నం సహించలేదు.

"నీకు బ్రాండ్ లేదు బావా," అన్నాడు బావమరిది. అతను ఆన్‌లైన్లో ఆరు వారాల మార్కెటింగ్ కోర్సు చేసి, ఆ మధ్యనే సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించుకున్నాడు. "జనం పేరు మర్చిపోతారు గానీ ముఖాన్ని మర్చిపోరు. మనకో ముఖం కావాలి. దాన్ని చూస్తే మరకలకి వణుకు పుట్టాలి."

యజమాని అద్దంలో తన ముఖం చూసుకున్నాడు. దానికి ఏ మరకా వణికేలా లేదు.

సరేనని బోర్డులు రాసే పెయింటర్‌ను పిలిపించారు. ఆ ఉదయం యజమాని ఒక హోటల్ కిటికీ తెరలు తేవడానికి వెళ్లాడు. బావమరిది "మరకలు భయపడే ముఖం వెయ్యి" అని పెయింటర్‌కు ఒక్క ముక్క చెప్పి, ఫోనులో మాట్లాడుతూ ఎటో పోయాడు. పెయింటర్ నిచ్చెనెక్కి, అదెలాంటి ముఖమా అని తల గోక్కుంటుంటే కుంచె నుంచి ఒక ఎర్ర చుక్క జారింది. కింద కుర్చీలో యజమాని అత్తగారు దిండు గలీబులు మడతపెడుతోంది. చుక్క సరిగ్గా తెల్ల గలీబు మీద పడింది. ఆవిడ తలెత్తి చూసింది. కళ్లజోడు మీదుగా అలా చూస్తూనే ఉంది. పెయింటర్‌కు కావలసింది దొరికింది.

మధ్యాహ్నం యజమాని తెరల మూటతో తిరిగొచ్చేసరికి లాండ్రీ పైన ఐదడుగుల అత్తగారు వెలసి ఉంది. ముడిపడిన కనుబొమలు, బిగించిన పెదవులు, ముక్కు మీదికి జారిన కళ్లజోడు. మూట అతని చేతిలోంచి జారిపోయింది.

"అచ్చం అమ్మే," అంది భార్య, నవ్వాపుకోలేక కౌంటర్ వెనక చతికిలబడి.

"నా ముక్కు అంత లేదు," అంది అత్తగారు.

యజమాని చెరిపించేద్దామనుకున్నాడు. కానీ మర్నాడే "కోపం అమ్మగారి లాండ్రీ ఇదేనా?" అంటూ పక్క వీధుల నుంచి జనం వచ్చారు. అత్తగారు కుర్చీని బోర్డు కిందికి జరుపుకుని, మాసిన బట్టలు తనే తీసుకోవడం మొదలుపెట్టింది.

"ఇదేంటి బాబూ?" అని ఒక బ్యాంకు గుమాస్తాను అడిగింది, చొక్కా జేబు చూపిస్తూ.

"సిరా అండి."

ఆవిడ పైనున్న ముఖంలాగే చూసింది.

"చాక్లెట్ అండి," అన్నాడతను తల దించుకుని. "డాక్టరు తినొద్దన్నాడు. మా ఆవిడకి చెప్పకండి."

నిజం తెలిశాక మరక వదిలించడం ఎంతసేపు? రెండు నెలలు తిరిగేసరికి మందుల షాపువాళ్లే "కోపం అమ్మగారి పక్కన" అని అడ్రసు చెప్పుకోవలసి వచ్చింది.

అత్తగారి చెల్లెలు చుట్టపుచూపుగా రావడంతో చిక్కు మొదలైంది. ఆవిడ ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. బోర్డు చూసి, "అక్కా, లోకం నిన్ను ఇలా గుర్తుపెట్టుకోవాలా?" అంది. ఆ మాట అత్తగారికి గుచ్చుకుంది. మర్నాడు ఎవరికీ చెప్పకుండా పెయింటర్‌ను పిలిపించి, బోర్డు మీద ముఖానికి చిరునవ్వు పెట్టించుకుంది. పనిలో పనిగా ముక్కు కూడా తగ్గించుకుంది. బోర్డుకు తగ్గట్టు ఉండాలని కింద కుర్చీలో తను కూడా నవ్వుతూ కూర్చుంది.

వారం తిరక్కుండానే ఫిర్యాదులు. "ఈమధ్య ఉతుకుడు పలచబడిందండీ," అన్నాడు బ్యాంకు గుమాస్తా. సబ్బూ మిషనూ మారలేదు. కానీ నవ్వే ముఖం ముందు చాక్లెట్లన్నీ మళ్లీ సిరాలైపోయాయి.

అత్తగారితో ఈ సంగతి చెప్పే ధైర్యం యజమానికి లేదు. అతని భార్య, మధ్యలో నవ్వొస్తే కొంప మునుగుతుందని వెళ్లలేదు. చివరికి బావమరిదే గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నువ్వు నవ్వుతూనే ఉండు. బోర్డు మీద కోపానికి పిన్నిని పెడదాం."

అత్తగారి చిరునవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది.

"దానికి కోపం ఎక్కడొచ్చురా? స్కూల్లో బెంచీ ఎక్కించినా కిలకిలా నవ్వేది. మన ఇంట్లో కోపమంటూ నిలబెట్టింది నేనొక్కదాన్నే. పిలువు ఆ పెయింటర్ని."

ఈసారి ఆవిడ రెండు గంటలు కదలకుండా కూర్చుని కోపం చూపించింది. మధ్యలో కాఫీ ఇస్తే అదీ కోపంగానే తాగింది. పెయింటర్ కుంచె జారి బోర్డు మీద ఎడమ కనుబొమ కాస్త పైకెగిరింది. అలాగే ఇంకా బాగుందన్నారు చూసినవాళ్లంతా. ముక్కు జోలికి మాత్రం ఆవిడ ఎవర్నీ పోనివ్వలేదు.

జనం మళ్లీ నిజాలు చెప్పసాగారు. పిన్నిగారు "మరి నేనో?" అని నవ్వుతూనే అడగడంతో, ఉతికిన బట్టలు పెట్టిచ్చే సంచుల మీద ఆవిడ ముఖం అచ్చు వేయించారు. ఇప్పుడు బట్టలు వేసేటప్పుడు అక్క, తీసుకునేటప్పుడు చెల్లెలు. ఇదంతా మొదటి నుంచీ తన ప్లానేనని బావమరిది అందరికీ చెప్పుకుంటున్నాడు.

"సంచి మీద కూడా నేనుంటేనే నిండుగా ఉండేది," అంటుంది అత్తగారు అప్పుడప్పుడూ, అల్లుడికి వినపడేలా. అతను ఆవిరి ఇస్త్రీ బుసబుసల్లో వినపడనట్టు చొక్కా కాలరు మీదికి వంగుతాడు.