పిడికిట్లో పదును

నా భార్య ప్రభావతిని చంపింది నా అల్లుడు పంపిన మెసేజ్. ఇందులో వాదనకు తావు లేదు.

అల్లుడు విద్యాసాగర్ ఇంగ్లాండులోని బ్రాక్‌నెల్‌లో కూర్చుని, ఎప్పుడు విత్తాలో అనంతపురం మెట్ట రైతుల ఫోన్లకు మెసేజ్ పంపుతాడు. రెండేళ్ల కిందట, "వాన పడింది, వేరుశనగ విత్తండి" అని పంపాడు. విత్తాం. ఆపైన వాన లేదు. మాడిపోతున్న మొలకలకు ప్రభావతి బిందెలతో నీళ్లు మోసింది. మూడో రోజు వడదెబ్బకు పోయింది. కూతురు నన్ను ఇక్కడికి తెచ్చుకుంది. ఈ ఫ్లాట్‌లో కిటికీ నుంచి తలుపుకు పదకొండు అడుగులు. రోజంతా అవే తిరుగుతాను. బయట ఎవరూ అడగని వాన.

ఈ జూన్‌లో ఒక పొద్దున విద్యాసాగర్ లాప్‌టాప్ తెరిచాడు.

"మామా, మీ ఊరి పక్క ముప్పై మిల్లీమీటర్లు పడింది. విత్తమని పంపిస్తా. అందరూ విత్తే గొర్రులు కట్టుకోని కాసుకోనుండారు."

"ఆ కొలత యాడిది?"

"మండలం ఆఫీసుది."

"మండలంలో పడితే మా చేను తడుస్తాదా? గట్టుకు ఆపక్క పడి ఈపక్క పడని వాన మాది."

"శాటిలైట్ గూడా..."

"అది చేన్లోకి దిగి చూసిందా? ఆగు."

ఆ రైతుల దగ్గర విత్తనం ఒక్కసారికే ఉంటుంది. అది మాడితే ఆ ఏడు లేనట్టే. ఊళ్లో ఉన్న తమ్ముడి కూతురు నాగజ్యోతికి ఫోన్ చేసి చేనులోకి వెళ్లమన్నాను.

"ఇంగ్లాండులో కూచోని గూడా నాతో పార పట్టిస్తాండావే పెదనాయనా!"

"జానెడు లోతు తవ్వు. అడుగు మన్ను పిడికిట్లో పిసుకు."

పార చప్పుడు వినిపించింది. కిటికీకీ తలుపుకీ నాలుగుసార్లు తిరిగాను.

"పైన తడే. అడుగుది పొడిపొడిగా రాలిపోతాంది."

"ముద్ద నిలవలేదా?"

"ల్యా."

"పంపొద్దు" అన్నాను అల్లుడితో.

అతను రాసింది చెరిపేశాడు. జానెడు తవ్వి పిసకండి, ముద్ద నిలిస్తేనే విత్తండి అని పంపాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"ఇది ఎవరు నేర్పించినారు మామా? ముందే చెప్పింటే..."

"మీ అత్త. నీ మెసేజ్ వచ్చిన ఆ పొద్దు గూడా పిసికి చూపించింది. అడుగున తడి లేదు, విత్తే పదును లేదు, వద్దనింది. అల్లుడు ఇంజనీరు, నీకేం తెలుసని గొర్రు కట్టించింది నేను."

విద్యాసాగర్ లేచి నా దగ్గరికి రాబోయాడు.

"కూచో. నీ తప్పు నీకుంది" అని మళ్లీ తలుపువైపు నడిచాను.

గొర్రు కట్టించింది నేనన్న మాట ఒక్కసారి చెప్పాను. కూతురు అడిగినా ఇక చెప్పను.